గడప దాటితే మన వీధే

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మీతో వంటల గురించీ, పిల్లల పెంపకం గురించీ మాట్లాడబోవటం లేదు. రోడ్ల గురించి మాట్లాడతాను. మోరీల గురించి, వీధిదీపాల గురించి, పార్కుల గురించి. "ఇవన్నీ మగవాళ్ళ విషయాలు కదమ్మా, నువ్వు మెట్రిక్ చదివిన దానివి, నీకెందుకు?" అంటారేమో. మా ఇంట్లోనూ ఆ మాటే అన్నారు లెండి. ఇంటి ముందు నీళ్ళు ఎటు పారుతున్నాయో చెప్పటానికి డిగ్రీ ఎందుకు చెప్పండి? ప్రతి రోజూ పొద్దున్నే చీపురు పట్టుకుని వాకిలి ఊడ్చేది మనమే. కళ్ళాపి చల్లేదీ, ముగ్గు వేసేదీ మనమే. ముగ్గు అంచు దాటిన దగ్గర్నుంచీ మాత్రం "అది మనది కాదు, సర్కారుది" అనుకుంటాం. అక్కడే వచ్చింది చిక్కంతా.

మాది హైదరాబాదు పాతబస్తీలో ఒక గల్లీ. గల్లీ పేరు చెప్పను. చెప్తే ఆ మేస్త్రీకీ, ఈ లీడరుకీ, మా పక్కింటివాళ్ళకీ కొత్త తగువులు వస్తాయి. పాతబస్తీలో ఉన్నవాళ్ళకు చెప్పనక్కరలేదు, లేనివాళ్ళకు చెప్తున్నాను. మా గల్లీ వెడల్పు ఒక ఆటో పట్టేంత. రెండు పక్కలా ఇళ్ళు, ఇళ్ళ ముందు అరుగులు, అరుగుల పక్కనే మోరీ, మోరీ మీద షాబాద్ బండలు. అమ్మవారి గుడి ఒక కొసన, మసీదు ఇంకో కొసన. ఆషాఢమాసంలో బోనాలకు తలమీద బోనం పెట్టుకుని ఆడవాళ్ళం ఈ గల్లీలోంచే నడుస్తాం, చెప్పులు లేకుండా. బోనం నెత్తిన ఉన్నప్పుడు కిందకు చూడలేం కదూ? కిందేమో ఆషాఢంలో వాన నీళ్ళు, ఆ నీళ్ళలో మోరీ నీళ్ళు, ఆ రెండింటి కింద గుంత ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అయినా అమ్మవారి మీద భారం వేసి నడిచేవాళ్ళం.

ఒక ఏడు వానాకాలంలో మా అత్తమ్మ పాలప్యాకెట్ కోసం బయటకు వెళ్ళి, కదిలే బండ మీద కాలేసింది. బండ తిరగబడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేశారు, ఇనుప కడ్డీ వేశారు. ప్రాణానికి ఏం కాలేదు. కానీ ఆవిడ మళ్ళీ తన కాళ్ళ మీద గుడిదాకా వెళ్ళలేదు. నలభై ఏళ్ళు బోనం ఎత్తిన మనిషి.

నేను ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు అనుకున్నాను. ఆ బండ కదులుతోందని నాకు తెలుసు. రోజూ దాని మీద నీళ్ళు పోసి కడిగేదాన్ని నేనే. మా వీధిలో పదహారు ఇళ్ళవాళ్ళకీ తెలుసు. దాటుకుని నడవటం అందరం నేర్చుకున్నాం, అంతే. ఎవరితో చెప్పాలో తెలుసుకున్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఆ తెలియని సంగతి తెలుసుకున్నాక ఏం జరిగిందో చెబుదామనే ఈ ప్రసంగం.

ముందు కొంచెం చరిత్ర చెప్పనివ్వండి. మన నగరానికి మునిసిపల్ శాఖ అంటూ ఏర్పడింది 1869లో, మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్నప్పుడు. నగరాన్ని నాలుగు భాగాలుగా, శివార్లను అయిదు భాగాలుగా విభజించారట. అప్పుడు ప్రజలు ఎన్నుకున్న మనుషులు లేరు, అంతా దొరతనం వారి ఏర్పాటే. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. వేలమంది కొట్టుకుపోయారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి నూటయాభైమంది దాకా బతికారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టును ఇప్పటికీ చూపిస్తారు. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. ఆయన సలహా మీద 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇరుకు బస్తీలను తీసి, వెడల్పు రోడ్లు వేసి, చార్మినార్ దగ్గర మనం బట్టలు కొనుక్కునే పత్తర్‌గట్టీ రాతి దుకాణాల వరుసను కట్టించింది ఆ బోర్డే.

చూశారా, ఊరు మునిగాక గానీ మురికి కాలువ గుర్తుకు రాలేదు. మన అలవాటు అప్పటినుంచీ అదే అనుకుంటా. 2000 ఆగస్టులో ఒక్కరోజులో ఇరవైనాలుగు సెంటీమీటర్ల వాన పడ్డాక నాలాల మీద కమిటీ వేశారు. 2020 అక్టోబర్ 13, 14 తేదీల్లో కురిసిన వానకు పాతబస్తీలో ఫలక్‌నుమా, ఉప్పుగూడ వైపు ఇళ్ళలోకి నీళ్ళొచ్చి, బియ్యం డబ్బాలూ పరుపులూ తేలాయి. ఆ తర్వాతనే నాలాలను వెడల్పు చేసే పథకం పెట్టారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో, నేరేడ్‌మెట్ వైపు సైకిలు తొక్కుతూ వెళ్ళిన ఒక బడిపిల్ల తెరిచి ఉన్న నాలాలో పడి చనిపోయింది. ఆ తల్లి సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ అన్నం సహించదు.

సరే, బల్దియా సంగతికి వద్దాం. 1955లో కార్పొరేషన్ల చట్టం వచ్చింది. 1960లో హైదరాబాదు, సికిందరాబాదు కార్పొరేషన్లు రెండూ ఒకటయ్యాయి. 1962లోనే మన నగరానికి ఒక మహిళ మేయరు అయ్యారు, రాణీ కుముదినీదేవి గారు. కుష్ఠురోగుల కోసం శివానంద ఆశ్రమంలో ఆవిడ చేసిన సేవ పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత చాలా ఏళ్ళు బల్దియాకు ఎన్నికలే లేవు. 1986లో జరిగాయి. ఆ పాలకమండలి గడువు తీరాక మళ్ళీ 2002 దాకా లేవు. 2007లో చుట్టుపక్కల పన్నెండు మునిసిపాలిటీలు కలిపి గ్రేటర్ హైదరాబాద్ అన్నారు. 2009, 2016, 2020లలో 150 వార్డులకు ఎన్నికలు జరిగాయి.

ఈ తేదీలన్నీ ఎందుకు చెప్తున్నానంటే, కార్పొరేటరు లేని ఏళ్ళు మన నగరంలో తక్కువేం కాదు. అప్పుడు అధికారులే అంతా చూసేవారు. అధికారి ఎంత మంచివాడైనా మన గల్లీలో ఉండడు, బదిలీ అయి వెళ్ళిపోతాడు. కార్పొరేటరైతే మన మధ్యనే పెళ్ళిళ్ళకొస్తారు, చావుకొస్తారు, బోనాలకొస్తారు. పట్టుకోవటానికి ఒక మనిషంటూ ఉంటారు. మరి కార్పొరేటరు కుర్చీ ఖాళీగా ఉన్న రోజుల్లోనూ ఆఫీసు మాత్రం ఖాళీగా ఉండదు. కాబట్టి మనిషినీ తెలుసుకోవాలి, ఆఫీసునూ తెలుసుకోవాలి.

ఇప్పుడు అసలు సంగతి. మా అత్తమ్మ ఇంటికొచ్చాక, నేనూ, ఎదురింటి ఖాలా, మూలింటి వదిన, ఇంకో నలుగురం కలిసి మా కార్పొరేటరు దగ్గరకు వెళ్ళాం. ఆవిడా ఆడమనిషే. చెప్పొద్దూ, ముందు మాకు భయమేసింది. బయట గదిలో ఆవిడ భర్తగారు కూర్చుని "ఏం పని? నాతో చెప్పండి" అన్నారు. మూలింటి వదిన ఊరుకుంటుందా! "మేం ఓటేసింది అక్కకు అన్నా, అక్కతోనే చెప్తాం" అంది. ఆయన నవ్వి లోపలికి పంపారు. కార్పొరేటరమ్మ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. పిండి కలుపుతోందట. మా భయం అక్కడితో పోయింది.

ఇక్కడ ఒక్క మాట. 1993 జూన్ ఒకటి నుంచి అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ వల్ల పట్టణ స్థానిక సంస్థల్లో ఆడవాళ్ళకు మూడోవంతు సీట్లు వచ్చాయి. మన గ్రేటర్‌లో తర్వాత సగం సీట్లు ఆడవాళ్ళకే కేటాయించారు. అంత కష్టపడి వచ్చిన కుర్చీలో ఆడమనిషి కూర్చుంటే, పని చెప్పటానికి మనం మళ్ళీ ఆమె భర్త దగ్గరకు పోతే ఎట్లా? మనం ఆమెతోనే మాట్లాడాలి. తెలియకపోతే ఆమే తెలుసుకుని చెప్తుంది. మనతో మాట్లాడితేనే ఆమెకూ ధైర్యం వస్తుంది.

కార్పొరేటరమ్మ మాకు విడమర్చి చెప్పింది. "అక్కా, నా చేతిలో చెక్కుబుక్కు ఉంటదనుకుంటరు అందరు. లేదు. నాకున్నది నోరే." తర్వాత తెలిసింది ఆ మాట ఎంత నిజమో. ఒక గల్లీలో సిమెంటు రోడ్డు పడాలంటే ముందు అర్జీ ఇవ్వాలి. అసిస్టెంటు ఇంజనీరు వచ్చి చూసి కొలతలు తీసుకోవాలి. ఎస్టిమేటు రాయాలి. ఆ మొత్తాన్ని బట్టి పైవాళ్ళు మంజూరు చేయాలి. టెండరు పిలవాలి. కాంట్రాక్టరుకు వర్క్ ఆర్డరు ఇవ్వాలి. పని అయ్యాక మళ్ళీ కొలతలు తీసి పుస్తకంలో రాయాలి. అప్పుడు బిల్లు. ఇందులో కార్పొరేటరు పని ఏమిటంటే, మన కాగితం ఏ బల్ల మీద ఆగిందో కనుక్కోవటం, అక్కణ్ణించి కదిలించటం, కదలకపోతే సమావేశంలో లేచి అడగటం. పదిమంది సంతకాలున్న కాగితం చేతిలో ఉంటే ఆమె గట్టిగా అడుగుతుంది. వట్టి మాట మీద అడగమంటే ఎట్లా అడుగుతుంది?

ఇంకో సంగతి కూడా ఆ రోజే తెలిసింది. రోడ్డు బల్దియాది. వీధిదీపం బల్దియాది. కానీ ఆ దీపం వేలాడే స్తంభం కరెంటు వాళ్ళది. మంచినీళ్ళ గొట్టం, మురుగునీటి గొట్టం, మ్యాన్‌హోలు ఇవన్నీ జలమండలివి. 1989లో జలమండలి వేరుగా ఏర్పడింది. మనకేమో అన్నీ ఒకే గల్లీలో ఉంటాయి గనుక అంతా ఒకటే అనుకుంటాం. మ్యాన్‌హోలు పొంగుతోందని బల్దియాలో అర్జీ ఇచ్చి నెల రోజులు ఎదురుచూస్తాం. డ్రైనేజీ మూత జలమండలికి, రోడ్డు మీద గుంత బల్దియాకు, వంగిన స్తంభం కరెంటాఫీసుకు. ఈ మూడూ ఒక కాగితం మీద రాసి వంటింట్లో క్యాలెండరు పక్కన అంటించుకోండి. నేను అలాగే చేశాను.

నాలుగైదు నెలలకు మా గల్లీకి రోడ్డు మంజూరైంది. బోనాలు ఇంక రెండు నెలలున్నాయి. పండగలోపల వేసేస్తామన్నారు. అందరికీ సంతోషం. మగవాళ్ళు కొబ్బరికాయ కూడా తెచ్చారు. అప్పుడు ఎదురింటి ఖాలా నన్ను అరుగు దగ్గరకు పిలిచి మెల్లగా అంది: "బేటీ, పైలే పానీ కా రస్తా, ఫిర్ ఆద్మీ కా." ముందు నీళ్ళకు దారి చేయండి, తర్వాత మనిషికి అని.

ఆమె చెప్పింది నిజమే కదా! మా గల్లీ కింద ఉన్న మురుగు గొట్టం ఎప్పటిదో. అప్పుడు గల్లీలో అన్నీ మిద్దె ఇళ్ళు, ఇంటికొక కుటుంబం. ఇప్పుడు ఒక్కో ఇంటి మీద మూడంతస్తులు, అంతస్తుకు రెండు వాటాలు. గొట్టం మాత్రం అదే. దాని మీద సిమెంటు పోసి పండగ చేసుకుంటే, ఏడాది తిరక్కుండా గొట్టం పగిలి, కొత్త రోడ్డును మళ్ళీ తవ్వుతారు. తవ్విన చోట మట్టి పూడుస్తారు. మళ్ళీ గుంత. ఈ కథ పాతబస్తీలో ఎవరిని అడిగినా చెప్తారు.

రెండో సంగతి మా అత్తమ్మ మంచం మీంచి చెప్పింది. "నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు మూడు మెట్లెక్కి లోపలికొచ్చిన. ఇప్పుడు ఒక్క మెట్టు లేదు. మెట్లు యాడికి పోయినయ్ బిడ్డా?" ఎక్కడికీ పోలేదు. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ వచ్చారు. వేసినప్పుడల్లా వీధి పైకి లేచింది, మన గడప కిందికి దిగింది. ఇంకో రోడ్డు అలాగే వేస్తే వాననీళ్ళు తిన్నగా దేవుడి గదిలోకే వస్తాయి.

మేం ఏడుగురం మళ్ళీ వెళ్ళాం. "అక్కా, రోడ్డు ఇప్పుడు వద్దు. ముందు జలమండలి వాళ్ళతో పెద్ద గొట్టం వేయించండి. తర్వాత పాత రోడ్డు తవ్వి తీసేసి, అదే ఎత్తులో కొత్తది వేయించండి" అన్నాం. కార్పొరేటరమ్మ మా ముఖాలు చూసింది. రోడ్డు కావాలని వచ్చేవాళ్ళే గానీ వద్దని వచ్చినవాళ్ళను ఆమె ఎప్పుడూ చూడలేదట. "పండగలోపల కాదు మరి. మంజూరైన డబ్బు వేరే గల్లీకి పోతే నన్ననొద్దు" అంది.

ఇంట్లో నా పరిస్థితి ఏం చెప్పమంటారు! మావారు రెండు రోజులు మాట్లాడలేదు. "వచ్చిన లక్ష్మిని వాకిట్లో ఆపి వెనక్కి పంపింది" అన్నారు గల్లీలో మగవాళ్ళు. ఆ ఏడు బోనాలకు వాన కూడా గట్టిగానే పడింది. నీళ్ళలో నడుస్తూ మూలింటి వదిన నావైపు ఒక్క చూపు చూసింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రాత్రి నేను చేసింది తప్పేమో అనుకున్నాను. ఇంకెవరైనా జారిపడితే ఆ పాపం నాదే కదా అనిపించింది. ఇప్పుడు చెప్పటం తేలికే గానీ, అప్పుడు ఆ దిగులు ఎవరితోనూ చెప్పుకోలేదు.

డబ్బు ఎక్కడికీ పోలేదు. కార్పొరేటరమ్మ రెండు ఆఫీసుల వాళ్ళనూ ఒకే రోజు మా గల్లీకి పిలిచి నిలబెట్టింది. అది ఆమె చేసిన గొప్ప పని అంటాను నేను. రెండు ఆఫీసులు ఒకే గల్లీలో ఒకే పూట ఎదురుబొదురుగా నిలబడటం మా వీధిలో అంతకుముందు ఎవరూ చూడలేదు. శీతాకాలంలో గొట్టం పడింది. ఎండాకాలం మొదట్లో పాత రోడ్డు తవ్వి, కొత్త సిమెంటు పోశారు. మా ఇంటి మెట్టు ఒకటి మళ్ళీ బయటపడింది. మూడు మెట్లూ రాలేదు, ఒకటి వచ్చింది.

పని జరుగుతున్నన్నాళ్ళూ మేం ఊరికే చూస్తూ కూర్చోలేదు. ఇవి మీరూ గుర్తు పెట్టుకోండి, పనికొస్తాయి. మొదటిది వాటం. సిమెంటు పోయకముందే నేల చదును చేసినప్పుడు ఒక బిందెడు నీళ్ళు పోసి ఎటు పారుతున్నాయో చూడండి. బచ్చలింట్లో వాటం సరిగా లేకపోతే ఏమవుతుందో మనకంటే ఎవరికి బాగా తెలుసు? మా గల్లీలో నీళ్ళు మోరీవైపు పోకుండా మూలింటి వైపు పారాయి. మేస్త్రీకి చూపిస్తే ముందు విసుక్కున్నాడు గానీ, సరిచేశాడు.

రెండోది నీళ్ళు పట్టటం. మేస్త్రీల మాటలో క్యూరింగ్. సిమెంటు ఎండితే గట్టిపడుతుందని మనం అనుకుంటాం. కాదు, తడిగా ఉంటేనే గట్టిపడుతుంది. కనీసం వారం రోజులు తడి ఆరకుండా చూడాలి. లెక్క ప్రకారం రావలసిన బలం వచ్చేది ఇరవైఎనిమిది రోజులకు. మట్టితో చిన్న కట్టలు కట్టి నీళ్ళు నిలబెడతారు, లేదా గోనెసంచులు పరిచి తడుపుతారు. ఎండాకాలం మధ్యాహ్నం పనివాళ్ళు రారు. మేం ఇంటికొకరం వంతులు వేసుకుని గోనెలు తడిపాం. బాలింతను చూసుకున్నట్టు చూసుకున్నాం ఆ రోడ్డును! మోటారుసైకిళ్ళు ఎక్కించబోయిన కుర్రాళ్ళను ఖాలా అరుగు మీద కూర్చునే చేతికర్రతో ఆపేసింది.

మూడోది లెక్క. ఎంత పొడవు, ఎంత మందం, ఎంత ఖర్చు అని అడగండి. అడగటం తప్పు కాదు. చెప్పకపోతే 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల రుసుముతో దరఖాస్తు ఇవ్వవచ్చు. మేం అంతదాకా పోలేదు. అడుగుతారని తెలిస్తేనే పని సగం బాగుంటుంది.

ఇంక పార్కు సంగతి. మా వెనక వీధిలో పాత బావి ఒకటి పూడ్చిన జాగా ఉండేది. అంతా చెత్త, కుక్కలు, సాయంత్రమైతే పేకాటరాయుళ్ళు. దాన్ని పార్కు చేయిద్దామని కార్పొరేటరమ్మే అంది. ఇలాంటి ఖాళీ జాగాల మీద అందరి కళ్ళూ ఉంటాయి. ఒకడు గుడిసె వేస్తాడు, ఒకడు దుకాణం అంటాడు. బెంగుళూరులో ఒక పేటలో ప్లానులో పార్కుకని వదిలిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇచ్చేస్తే, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కోర్టుకెళ్ళారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. ఆసుపత్రి మంచిదే, కానీ పార్కు జాగా పార్కుకే ఉండాలి, ఆ గాలీ వెలుతురూ అక్కడి జనానిది అని దాని సారాంశం. మన రాజ్యాంగంలో పట్టణ సంస్థలకు అప్పగించదగినవని చెప్పిన పద్ధెనిమిది పనుల్లో పార్కులూ, ఆటస్థలాలూ, వీధిదీపాలూ ఉన్నాయి. కాబట్టి పార్కు అడగటం గొంతెమ్మ కోరికేం కాదు.

ప్లాను గీసుకొచ్చారు. చుట్టూ గోడ, మధ్యలో పచ్చగడ్డి, ఒక ఫౌంటెను, గేటు దగ్గర పెద్ద శిలాఫలకం. అది చూసి మూలింటి వదిన "కూర్చునే బెంచీలకంటే పేర్లు రాసే రాయే పెద్దగున్నదే!" అంది. అందరం నవ్వాం, కార్పొరేటరమ్మ కూడా నవ్వింది. తర్వాత మేం మెల్లగా మా కోరికలు చెప్పాం. గడ్డికి రోజూ నీళ్ళు కావాలి, మనకే తాగటానికి రోజు విడిచి రోజు వస్తాయి. గడ్డి వద్దు, వేపా, కానుగా పెట్టండి, నీడకు నీడ, ఖర్చూ లేదు. ఎత్తు గోడ వద్దు, ఇనుపకడ్డీల కంచె వేయండి, లోపల ఏం జరుగుతోందో వీధిలోకి కనబడాలి. ఫౌంటెను బదులు రెండు దీపాలు ఎక్కువ పెట్టండి.

ఇదంతా ఎవరికోసమంటారా? మన ఆడపిల్లల కోసం. మా గల్లీలో పన్నెండేళ్ళు దాటిన ఆడపిల్ల సాయంత్రం బయట ఆడుకోవటం నేను చూడలేదు. మా ఇళ్ళలోనూ అంతే, ఖాలా వాళ్ళ ఇంట్లోనూ అంతే. ఇందులో ఏ మతానికీ తేడా లేదు. బడి, ఇల్లు, మిద్దె, అంతే వాళ్ళ లోకం. తమ్ముడు వీధిలో క్రికెట్టు ఆడుతుంటే అక్క కిటికీలోంచి చూస్తుంది. ఖాలా ఒక ఉపాయం చెప్పింది. పిల్లలు ఆడుకునే చోటికి ఎదురుగా తల్లులు కూర్చునే బెంచీలు వేయించమంది. తల్లి అక్కడ కూర్చుంటే కూతురు ధైర్యంగా వస్తుంది, తండ్రి కూడా కాదనడు. అలాగే వేశారు.

పార్కు తెరిచి కొన్నేళ్ళయింది. అంతా బాగుందని అబద్ధం చెప్పను. ఉయ్యాల ఒకటి ఏడాదికే విరిగింది, దానికోసం ఇంకా తిరుగుతూనే ఉన్నాం. పేకాట వాళ్ళు అప్పుడప్పుడు మళ్ళీ వస్తారు, తాళంచెవి ఎవరి దగ్గరుండాలనే దానిమీద రెండుసార్లు గొడవైంది. కానీ సాయంత్రం అయిదింటికి వెళ్ళి చూడండి, ఖాలా మనవరాలూ, మా అమ్మాయీ కలిసి షటిల్ ఆడుతుంటారు. ఇద్దరూ ఎదురెదురు ఇళ్ళలో పుట్టి పెరిగినవాళ్ళే. వాళ్ళు కలిసి ఆడటం నేను చూసింది ఆ పార్కులోనే.

సోదరీమణులారా, కార్పొరేటర్లందరూ మంచివాళ్ళని నేను అనటం లేదు. ఎన్నికల ముందు దండాలు పెట్టి తర్వాత కనబడని వాళ్ళూ ఉన్నారు. కానీ మంచి మనిషి వచ్చినా, అడిగేవాళ్ళు లేకపోతే ఆమె మాత్రం ఏం చేస్తుంది? అర్జీ ఇచ్చినప్పుడు నకలు మీద ముద్ర వేయించుకోండి. ఒక నోటుబుక్కు పెట్టి, ఏ తేదీన ఎవరిని కలిశారో, ఏం చెప్పారో రాసుకోండి. పాలవాడి లెక్క రాసుకునే మనకు ఇదొక లెక్కా? ఒక్కరు కాకుండా నలుగురు వెళ్ళండి. పని జరిగితే ఆ సంగతి నలుగురిలో చెప్పండి, ఆఫీసులో ఆ అసిస్టెంటు ఇంజనీరుకు కూడా ఒక నమస్కారం పెట్టండి. తిట్లే తప్ప మంచిమాట విని ఎరగరు పాపం. ఇంకొకటి, చాలా ముఖ్యం. మనం కూడా చెత్త మోరీలో వేయొద్దు. 2015 నుంచి ఇంటింటికీ చెత్త ఆటోలు పెట్టారు. అయినా తొక్కలూ, పాలకవర్లూ మ్యాన్‌హోలులోకి తోసి, తర్వాత పొంగుతోందని అర్జీ పెడితే ఏం మర్యాద?

రోడ్డు వేశాక వచ్చిన బోనాలకు మా అత్తమ్మను కుర్చీలో కూర్చోబెట్టి వాకిట్లోకి తెచ్చాం, బయటపడిన ఆ ఒక్క మెట్టు పక్కన. ఆ రోజూ వాన పడింది. నీళ్ళు గల్లీ మధ్యలో ఆగకుండా మోరీలోకి జారిపోయాయి. నేను బోనం ఎత్తుకుని, కిందకు చూడకుండా, తల నిటారుగా పెట్టి నడిచాను. వెనక్కి వచ్చాక అత్తమ్మ కాళ్ళకు మొక్కితే, ఆవిడ రోడ్డువైపు చూస్తూ ఒక్కటే అంది: "మంచిగనే ఏసిన్రు బిడ్డా. జర ముందుగాల ఏస్తే నేనూ వద్దును."

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అందుకే మీకు చెప్తున్నాను. మీ ఇంటి ముందు కూడా ఒక బండ కదులుతూనే ఉంటుంది. దాటుకుని నడవటం మీకూ అలవాటై ఉంటుంది. రేపు పొద్దున ముగ్గు వేసి లేచాక, ఒక్క నిమిషం వీధి ఆ కొసనుంచి ఈ కొసదాకా చూడండి. పక్కింటి వదినను పిలవండి. ఇద్దరూ కలిసి కాగితం రాయండి.